చెల్లెలి ఊరికి ఎర్ర గుండుసూది

చెల్లెలి పదవీ విరమణ సభకు వెళ్లడం తన ప్రాణానికి క్షేమమా కాదా అన్న విషయాన్ని సమగ్రంగా పరిశీలించదలచి, బీమా కంపెనీలో అంచనాల అధికారిగా రిటైరైన అన్నగారు ముందుగా ఒక డబ్బా గుండుసూదులు కొన్నారు.

ఆయనది అల్లాటప్పా ప్రాణం కాదు. మూడేళ్ల కిందట కిడ్నీలు రెండూ చేతులెత్తేస్తే, బడిపంతులమ్మ అయిన ఆ చెల్లెలే తన వాటిలో ఒకటి ఇచ్చింది. దాన్ని ఒళ్లు పరాయిదనుకోకుండా ఆయన రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రలు ఒంట్లోని కాపలావాళ్లను జోకొడతాయి. అందరి దగ్గరా మూడు రోజులుండి పోయే జలుబు ఆయన దగ్గర మకాం పెడుతుంది. కనక భయపడ్డారు, తప్పులేదు. కాకపోతే ఆఫీసు పద్ధతిలో భయపడ్డారు.

"ఇంకా రెండు నెలలుందిగా అన్నయ్యా. నువ్వొచ్చి ముందు వరసలో కూర్చుంటే చాలు" అంది చెల్లెలు ఫోన్లో.

"పరిశీలిస్తాను" అన్నారాయన.

హాలు గోడకు పటం ఎక్కింది. దోమల జ్వరాలకు ఎర్ర సూది, నీళ్ల జబ్బులకు పసుపు, దగ్గులకు నీలం. నది ఒడ్డున ఉన్న పాపానికి చెల్లెలి ఊరికి ఎరుపు పడింది. రైలు మారాల్సిన చోట రెండు రంగులు పడ్డాయి. వారం తిరిగేసరికి పటంలో ఊళ్లు పోయి సూదులు మిగిలాయి. సొంత ఊరు మాత్రం శుభ్రంగా ఉంది. తను ఉంటున్నది అక్కడే కదా మరి.

"డాక్టరుగార్ని ఒక్క మాట అడక్కూడదూ?" అంది భార్య.

"నివేదిక తయారవకుండా అడగడం పద్ధతి కాదు."

నివేదికను ఆమోదించడానికి బంధువుల సమావేశం జరిగింది. దుమ్ము ప్రమాదమని కిటికీలన్నీ మూయించి, పదకొండుమందిని ఒకే హాల్లో కూర్చోబెట్టారు. బావమరిది పటం కింద నిలబడి, "బావగారి ఆరోగ్యం మనందరి ఆస్తి! ప్రయాణమన్న మాటే ఈ ఇంట్లో వినబడకూడదు!" అని వాక్యానికోసారి మనసారా దగ్గుతూ ప్రసంగించాడు. తీర్మానం ఏకగ్రీవమైంది. ఆయన చెయ్యి పట్టుకుని ఊపనివాడు లేడు.

సంగతి చెబితే చెల్లెలు, "సరే అన్నయ్యా, ఒళ్లు జాగ్రత్త" అని ఫోన్ పెట్టేసింది.

మూడోనాడు నూట మూడు జ్వరం. ఆసుపత్రిలో పడేశారు.

"ఈమధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశారా?" అడిగింది డాక్టరు.

"లేదండీ. హాల్లోకి వెళ్లాను."

వారంపాటు మంచమ్మీద ఆయనకు ఆలోచించుకునే తీరిక దొరికింది. ఇరవై ఏడేళ్లు ఊరందరి ప్రమాదాలూ అంచనా కట్టిన బుర్ర, ఎదురుగా దగ్గుతున్న బావమరిదిని లెక్కలో వేసుకోలేదు. నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు ఆయనే చెల్లెలి ఊరి మాటెత్తారు. "సభకింకా నెల ఉందిగా? అప్పటికి వర్షాలూ తగ్గుతాయి, మీరూ కోలుకుంటారు. ముందోసారి వచ్చి చూపించుకుని వెళ్లండి" అంది డాక్టరు. "దోమతెర, మరిగించిన నీళ్లు, జనంలో మాస్కు. మాత్రలు నాలుగు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. ఒళ్లు వెచ్చబడితే ఆగకుండా ఫోన్ చెయ్యండి. ఇంతోటిదానికి ముందే అడగలేదేం?"

ఆయన ఇన్నేళ్లలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పారు: "మీరు వెళ్లమంటారేమోనని."

వెళ్లారు. దోమతెరలో పడుకున్నారు, మరిగించిన నీళ్లే తాగారు, ఏమీ కాలేదు. చెల్లెలు చూపించిన ముందు వరసలో మాస్కుతో కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు చెల్లెలి ముప్పై అయిదేళ్ల చాకిరీని రెండు వాక్యాల్లో ముగించి, ఆయన వైపు తిరిగారు.

"ఈ సభలో ఒక త్యాగమూర్తి ఉన్నారు! జబ్బులను తట్టుకునే శక్తి లేకపోయినా, తోబుట్టువు కోసం ప్రాణాలకు తెగించి వచ్చిన అన్నగారు! అన్న అంటే ఇలా ఉండాలి!"

పావుగంట సాగింది. కిడ్నీ ఎవరిదో ఎవరూ ఎత్తలేదు. అది చెబుదామనే ఆయన లేచారు. లేచేసరికి చప్పట్లు రెట్టింపయ్యాయి. అందరికంటే గట్టిగా కొడుతున్నది చెల్లెలే. ఆ హోరులో హెడ్మాస్టరుగారు చెల్లెలి కోసం తెప్పించిన పూలగుత్తి తీసి ఆయన చేతుల్లో పెట్టారు.

ఆయన పుచ్చుకున్నారు. ఆమెది పుచ్చుకోవడం ఆయనకు కొత్తేమీ కాదు.