మూడో బోగీలో మ్యూరియల్

ఆ శనివారం సెడ్రిక్ బ్రాక్‌బ్యాంక్ ఉదయం ఆరున్నరకే ఇంట్లోంచి బయటపడ్డాడు. పథకం చాలా సులువు. పదీ నలభై రెండుకి సాల్ట్‌బెక్ దగ్గర సముద్రం పక్కన వంపు తిరిగే ఆవిరి ఇంజను ప్రత్యేక రైలును, మూడో బోగీ కిటికీలో కూర్చున్న తన భార్య మ్యూరియల్‌తో సహా, ఒక్క ఫొటో తీయాలి. అంతే.

ఆ "సహా" వెనక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. సెడ్రిక్ షెడ్డులో పదకొండు వేల రైలు ఫొటోలున్నాయి. వాటిలో రెండింట్లో మ్యూరియల్ ఉంది. ఒకదాంట్లో మోచేయి, ఇంకోదాంట్లో గొడుగు. కనీసం పెళ్లి ఫొటోలోనైనా సరిగ్గా పడిందా అంటే, ఆ రోజు కూడా చర్చి వెనక నుంచి గూడ్సు బండి వెళ్లింది. అందుకే అరవయ్యో పుట్టినరోజుకి ఆమె తనే టికెట్ కొనుక్కుని, టీ తాగుతూ చెప్పేసింది.

"ఈసారి నా మొహం మొత్తం పడాలి. పడలేదో, సోమవారం నుంచి ఆ షెడ్డులో కోళ్లుంటాయి."

"ఏ కోళ్లు?"

"మాట్లాడేశాను. ఆరు."

సెడ్రిక్ ఏడింటికల్లా పట్టాల పక్కన రాతిగోడ దగ్గర ముక్కాలి స్టాండు పాతేశాడు. ముందొచ్చినవాడు స్టాండు ఎక్కడ పెడితే అదే గీత. తర్వాత వచ్చినవాళ్లు ఆ గీత దాటి ఒక్క అంగుళం ముందుకు జరగరు. జరిగినవాడి అంత్యక్రియలకు ఎవరూ వెళ్లరు. తొమ్మిదింటికి గీత మీద పద్దెనిమిది మంది ఉన్నారు. సెడ్రిక్ పక్కనే, ఇరవై రెండేళ్లుగా స్నేహితుడైన నార్మన్, తన నిచ్చెనతో సహా.

"మబ్బు పోతుందంటావా?" అన్నాడు నార్మన్.

"పోదు."

"పోయినేడాదీ ఇదే అన్నావు."

"పోయినేడాదీ పోలేదుగా!"

పదీ నలభైకి కొండ మలుపు మీద పొగ లేచింది. సరిగ్గా అప్పుడే ఎర్ర వానకోటు వేసుకున్న ఒకావిడ, కుక్కతో సహా, ఎక్కడినుంచో వచ్చి గోడ మీద, అందరి ఫొటో మధ్యలో, స్థిరంగా కూర్చుంది. పద్దెనిమిది మందీ మొదట "క్షమించాలి మేడమ్" అన్నారు. తర్వాత కాస్త గట్టిగా అన్నారు. తర్వాత అన్నది ఇక్కడ రాయడానికి వీల్లేదు. సముద్రపు గాలి అన్నింటినీ సమానంగా ఎత్తుకుపోయింది. ఆవిడ పలకరిస్తున్నారనుకుని చెయ్యూపింది.

సెడ్రిక్‌కి ఆరు కోళ్లు కనిపించాయి. అతను నార్మన్ నిచ్చెన లాక్కుని, తనే దాని మీదికెక్కి, రెండు చేతులూ పైకెత్తి, గాలిమర సిగ్గుపడేలా ఊపాడు.

కీచుమని బ్రేకులు అరిచాయి. ఇంజను వాళ్లను దాటి, ఉన్న ఆవిరంతా వాళ్ల మీదే వదిలి ఆగింది. పద్దెనిమిది మంది పద్దెనిమిది తెల్లటి ఫొటోలు తీశారు.

"సెడ్రిక్," అన్నాడు నార్మన్ ఆ తెలుపులోంచి, "పట్టాల పక్కన రెండు చేతులూ ఎత్తి ఊపితే ఏంటర్థం?"

"ప్రమాదం, రైలు ఆపండి అని." ఏటా ఏప్రిల్‌లో రైలు ఫొటోల క్లబ్బులో కొత్తవాళ్లకు ఆ పాఠం చెప్పేది సెడ్రిక్కే.

గార్డు హేజెల్ బండి దిగి పరుగెత్తుకొచ్చింది. "చేతులెత్తింది ఎవరు సార్? లైను మీద ఏముంది?"

సెడ్రిక్ నోరు తెరిచాడు. నార్మన్ అందుకున్నాడు. స్నేహితుడన్నాక ఆదుకోవాలి కదా!

"గొర్రె," అన్నాడు నార్మన్.

"ఎలాంటి గొర్రె?"

"తెల్లది," అన్నాడు సెడ్రిక్.

"ఎటు పోయింది?"

"ఉత్తరానికి. కొంచెం కుంటుతూ." ఎందుకు కుంటించాడో అతనికే తెలీదు.

హేజెల్ వైర్‌లెస్‌లో చెప్పగానే ఎదురొచ్చే రైలు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"నేనూ చూశాను! కుంటుతోంది పాపం!"

"కుంటేది ఒకటేనండీ, దాని వెనక ఇంకో మూడు!"

పది నిమిషాల్లో గొర్రెలు పదకొండయ్యాయి. ఒకటి నల్లది. ఒకటి సముద్రంలోకి ఈదుకుంటూ పోవడం కళ్లారా చూశానని ఒక రిటైరైన హెడ్మాస్టరు సాక్ష్యం ఇచ్చాడు.

ఇంతలో పట్టాల పక్క పొలం గలావిడ మిసెస్ ఫ్లెచర్ ఆయాసపడుతూ వచ్చింది. కళ్లలో నీళ్లు. "కంచెలో కంత నాదేనమ్మా. రేపు కడదాం, రేపు కడదాం అనుకుంటూ... అది నా నాలుగో నంబరు గొర్రే. దానికి కాలు బాలేదు."

"పేరు చెప్పండి," అంటూ హేజెల్ పుస్తకం తీసింది.

సెడ్రిక్ ఆ పుస్తకం వంక చూశాడు. మిసెస్ ఫ్లెచర్ వంక చూశాడు. కోళ్లకు మనసులోనే స్వాగతం చెప్పాడు.

"ఆగండి. గొర్రె లేదు, ఏమీ లేదు. ఫొటోకి అడ్డొచ్చినావిణ్ణి జరగమని చేతులూపాను. నా వల్లే రైలు ఆగింది."

గీత మీదున్న పదిహేడు మంది అతనికి దూరంగా ఒక్కో అడుగు జరిగారు.

"మీ వల్ల కాదు సార్," అంది హేజెల్. "డ్రైవరు మిమ్మల్ని చూడనే లేదు, ఆయన అటువైపున్నాడు. మూడో బోగీలో ఎవరో గొలుసు లాగారు."

ఆవిరి పలచబడింది. సరిగ్గా సెడ్రిక్ ఎదురుగా మూడో బోగీ. కిటికీలో మ్యూరియల్.

"నేనే లాగాను. రెండు చేతులూ ఎత్తావు కదా, అంటే ప్రమాదమేగా! నలభై ఏళ్లుగా సూప్ చల్లారిపోయేదాకా చెప్పావు."

ఆమె ఒక్క ముక్కా వినలేదని నలభై ఏళ్లుగా అతని నమ్మకం. "అదంతా... విన్నావా?"

"వినక ఎక్కడికి పోను?"

హేజెల్ గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. "ప్రమాదం గుర్తు చూసి లాగారు, మీ తప్పేం లేదమ్మా. మిసెస్ ఫ్లెచర్, మీరూ వెళ్లండి. అబ్బ, బతికించారు! గొర్రె అయితే పట్టాల వెంట రెండు మైళ్లు నడవాలి, పంతొమ్మిది కాగితాలు నింపాలి. బుద్ధిలేని మనిషైతే ఒక్కటే కాగితం." సెడ్రిక్ దాని మీద పెళ్లి రిజిస్టరులో కంటే సంతోషంగా సంతకం పెట్టాడు.

ఇంజను కూత వేసింది.

"చూస్తావేంట్రా, తియ్యి!" అని అరిచాడు నార్మన్.

సెడ్రిక్ లెన్సు దూరాన్నుంచి వచ్చే ఇంజన్ల కోసం కొన్నది. ఇంత దగ్గర్లో అందులో మ్యూరియల్ ముక్కు తప్ప ఇంకేం పట్టలేదు. గీత వదిలేసి, దురదగొండి పొదల్లోకి నడుం లోతుదాకా వెనక్కి వెనక్కి పరుగెత్తి, మొహం మొత్తం ఇమిడాక, బండి కదులుతుండగా, నొక్కాడు.

సోమవారం కోళ్లు రాలేదు. ఇప్పుడా ఫొటో హాల్లో గోడ మీదుంది. గడ్డం నుంచి టోపీ దాకా మ్యూరియలే, పగలబడి నవ్వుతూ. ఇంటికెవరైనా వస్తే సెడ్రిక్ ఆ ఫొటో చూపించి, అక్కణ్ణుంచి ఎడమకి నాలుగడుగులు వేసి, వంటింటి తలుపు మీద వేలు పెట్టి, ఇంజను ఇక్కడుందని చెబుతాడు.