వాగు మీద పచ్చజెండా

వేణుగోపాలరావు ఆ రోజుకి వేసుకున్న పథకంలో తప్పు జరగడానికి చోటే లేదు. సాయంత్రం నాలుగింటికి తను కొత్త వంతెన మీద నిలబడి పచ్చజెండా ఊపుతాడు. సముద్రం వైపు స్టేషన్ నుంచి ఆకుపచ్చ ఇంజను బయల్దేరి, వంతెన దాటి, కొండ వైపు స్టేషన్ చేరుతుంది. అక్కడ అరబ్బు యజమాని, అందరూ పిలిచే అర్బాబ్, తన తల్లితో కలిసి ఎదురుచూస్తుంటాడు. ఆ క్షణం నుంచి ఈ పాత రైలుకు ముదీర్, అంటే మేనేజరు, వేణుగోపాలరావే.

"చేరకపోతే?" పెసరట్టు తిరగేస్తూ అడిగింది భార్య సుభద్ర.

"చేరకపోవడమేమిటి? పట్టాలు కలిపింది నేను!"

"అందుకే అడిగాను."

రావుకి ఒళ్లు మండింది. చేరకపోతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. "బండి దాటిందా, నువ్వు ముదీర్. దాటలేదా, దుబాయ్ వెళ్లి డేరా గోడౌన్లో టైర్లు చూసుకో. ఖలాస్" అని అర్బాబ్ హిందీలో తేల్చేశాడు. బీటెక్ చదివి, బెజవాడలో రైల్వే కాంట్రాక్టులు చేసి, ఫుజైరా వచ్చింది టైర్లు చూసుకోవడానికా?

ఆ లైను వేయించింది అర్బాబ్ తండ్రి. కొండల్లోని క్వారీ నుంచి రేవుకు రాయి తోలడానికి వేసిన సన్న పట్టాలవి. ఒక ఏడు వాగు పొంగి మధ్య ముక్కను ఊడ్చుకుపోయింది. తర్వాత క్వారీ కూడా మూతపడింది. కొడుకు మిగిలిన రెండు ముక్కల మీద ఉన్న రెండు పాత ఇంజన్లకు రంగులు వేయించి, టూరిస్టుల్ని తిప్పడం మొదలుపెట్టాడు. సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్లు వాగు దగ్గర దిగి, రాళ్ల మీద నడిచి, బేబీ అనే ఆవిడ కొట్లో చాయ్ తాగి, అవతల నిలబడ్డ ఎర్ర ఇంజను బండి ఎక్కాలి. అటువాళ్లు ఇటు రావాలన్నా అంతే.

"చెప్పులు చేత్తో పట్టుకుని దాటేదాన్ని రైలు ప్రయాణం అంటారా?" అని రావు కనిపించినవాళ్లందరినీ నిలదీసేవాడు. ఎవరికీ కోపం రాకపోవడం చూస్తే అతనికి ఇంకా కోపం వచ్చేది. చివరికి అర్బాబ్‌ను ఒప్పించి, ఎండాకాలమంతా నిలబడి వంతెన కట్టించి, పట్టాలు కలిపాడు. ఇక మిగిలింది బేబీ కొట్టు. రేపు పొద్దున్న దాన్ని తీసేయాలి.

"మా కొట్టు తీసేత్తే బండి స్పీడుగా ఎల్తాదేటండీ?" వంతెన పక్కన బజ్జీలు వేస్తూ అడిగింది బేబీ. అమలాపురం నుంచి వచ్చి అర్బాబ్ తల్లి వంటింట్లో చాలాకాలం పనిచేసిన మనిషి. పెద్దావిడే ఈ కొట్టు పెట్టించింది.

"బండే ఆగని చోట కొట్టెందుకమ్మా?" అన్నాడు రావు.

"ఆగుద్దండీ. సూత్తా ఉండండి."

ఆ మాటకి కూడా రావుకి కోపం వచ్చింది.

పొద్దుటి నుంచీ డ్రైవర్లతోనే సగం ప్రాణం పోయింది. ఆకుపచ్చ బండి నడిపే ఆదిశేషుది రావులపాలెం. ఎర్ర బండి నడిపే భోజన్నది ఆర్మూరు. అక్కడ రాష్ట్రాలు విడిపోయి ఏడాదిన్నరైనా, ఇక్కడ వాళ్లిద్దరికీ ఒకే గదిలో మంచాలు. వంతెన మొదట ఎవరు దాటాలన్న తగువు వారం రోజులుగా ఆ గదిలో నడుస్తోంది. రావు ఆ అవకాశం ఆదిశేషుకి ఇచ్చేసరికి భోజన్న ముఖం మాడ్చుకున్నాడు.

"నేను చెప్పేదాకా నీ బండి కదలకూడదు, తెలిసిందా?"

"గట్లనే సారూ. మీరు చెప్పేదాంక చక్రం తిరగది."

నాలుగైంది. జాతీయ దినోత్సవం సెలవులు కావడంతో రెండు స్టేషన్లూ జనంతో నిండిపోయాయి. రావు వంతెన మధ్యలో ఛాతీ విరుచుకుని నిలబడి పచ్చజెండా ఊపాడు. సముద్రం వైపు నుంచి హారన్ మోగింది. రావు కళ్లు చెమర్చాయి.

కొండ వైపు నుంచి ఇంకో హారన్ మోగింది.

రావు వెనక్కి తిరిగి చూశాడు. ఎర్ర ఇంజను పొగ వదులుతూ వచ్చేస్తోంది. ఇటు ఆకుపచ్చది, అటు ఎర్రది. రావు జెండా పారేసి రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ పక్కనున్న కాలిబాట మీదికి గెంతాడు. రెండు బండ్లూ కీచుమంటూ వంతెన నడిమధ్య ముక్కూముక్కూ ఆనించినంత దగ్గరగా ఆగాయి. మధ్యలో దోసకాయ పట్టేంత సందు మిగిలింది.

"భోజన్నా! నిన్నెవడు రమ్మన్నాడయ్యా?"

"మీరే గద సారూ! జెండా ఊపిండ్రు. ఇన్నేండ్ల సంది వాగుకాడ జెండా ఊపంగనే ఇద్దరం వస్తలేమా? ఈ రూలు పెట్టిందెవలు?"

రావు తను పారేసిన జెండా వైపు చూశాడు. ఈ లైనుకి సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో ఆ రూలు పెట్టింది తనే. మధ్యలో నిలబడి ఊపే జెండా ఇద్దరికీ కనిపిస్తుందన్న సంగతి, రెండు ముక్కల్నీ కలిపిన ఆనందంలో అతనికి తట్టలేదు.

"సరే, ఆదిశేషూ! నువ్వు వెనక్కి తియ్యి."

"ఎనక్కేటండీ బాబూ! అమ్మగారు గుమ్మడికాయ కొట్టించారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. ఇప్పుడు ఎనక్కెలితే ఇంజనుకి మంచిదా, నాకు మంచిదా?"

మొదటి పెట్టె కిటికీలోంచి సుభద్ర తల బయటికి వచ్చింది. "ఏవండీ! నేనెక్కిన బండిని వెనక్కి పంపిస్తారా? వెనక్కి వెళ్లడానికేనా పొద్దున్నే తలంటు పోసుకుని వచ్చాను?"

రావు ఎర్ర ఇంజను వైపు తిరిగాడు. "భోజన్నా, పోనీ నువ్వన్నా..."

"నా బండిల ఎవలున్నరో జూసి మాట్లాడుండ్రి."

రావు చూశాడు. మొదటి పెట్టెలో చేతికర్ర పట్టుకుని అర్బాబ్ తల్లి కూర్చుని ఉంది.

"ప్లాట్‌ఫారం మీద ఎండ గొడుతుందని బండెక్కింది. దిగుమని నేనెట్ల జెప్త? ఎనక్కి తోల్కపోతనని మీరే జెప్పుండ్రి. నేనైతే జెప్ప."

అదే క్షణంలో ఫోన్ మోగింది. "రైలు ఏది? మా అమ్మ ఏది?" అర్బాబ్ గొంతు.

"ఇద్దరూ... ఒకే చోట ఉన్నారు సర్."

"నేను కారులో వస్తున్నా."

రావు కళ్లముందు డేరా గోడౌన్, అందులో కొండలా పేర్చిన టైర్లు కనిపించాయి. అరికాలి మంట నెత్తికెక్కింది. తనే ఆకుపచ్చ ఇంజను ఎక్కి ఆదిశేషుని పక్కకు నెట్టాడు. "నేనే తీస్తాను వెనక్కి!"

"అయితే నేను దిగుతాను. మీరొక్కరే వెళ్లండి, గోడౌనుకి!" సుభద్ర దిగి, కాలిబాట మీదుగా బజ్జీల వాసన వస్తున్న వైపు నడిచింది. ఆవిడ వెనకే పెట్టెలోని జనమంతా దిగారు. అది చూసి అవతల పెద్దావిడ కూడా కర్ర ఊతంతో దిగింది. ఆవిడ దిగితే ఎర్ర బండిలో కూర్చునేదెవరు?

బేబీ పెద్దావిడకి కుర్చీ వేసి, అరబ్బీలో కుశలం అడిగి, ఇద్దరు ఆడవాళ్లకీ చాయ్ ఇచ్చింది. సుభద్ర బజ్జీ విరిచి పెట్టింది. పెద్దావిడ ఖర్జూరం పెట్టింది. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా ఇద్దరూ రావు వైపు చూసి ఒకేసారి నవ్వడం అతనికి స్పష్టంగా కనిపించింది.

"ఏమంటోంది ఆవిడ?" అని అరిచాడు రావు.

"ఆ జెండా ఆయనకి కూడా చాయ్ ఇయ్యమంటన్నారండీ," అంది బేబీ.

చాయ్ అయ్యాక జనం లేచారు. ఏళ్లుగా ఇక్కడ నడిచే పద్ధతి అదే కదా, ఇటు నుంచి వచ్చినవాళ్లు అటు బండి, అటు నుంచి వచ్చినవాళ్లు ఇటు బండి ఎక్కేశారు. పెద్దావిడ సముద్రం చూస్తానని ఆకుపచ్చ బండెక్కింది. సుభద్ర ఎర్ర బండిలో కిటికీ పక్కన సర్దుకుంది.

"ఇప్పుడు వెనక్కి వెళ్తే తప్పు లేదా?" ఇంజను దిగి వచ్చి అడిగాడు రావు.

"నేను ముందుకే వెళ్తున్నాను కదండీ. బండి సంగతి బండి చూసుకుంటుంది," అంది సుభద్ర.

రెండు హారన్లూ మోగాయి. రెండు బండ్లూ ఒకదానికొకటి దూరంగా వెళ్లిపోయాయి. అర్బాబ్ కారు దిగేసరికి వంతెన మీద రావు ఒక్కడే, నేల మీద పడ్డ జెండాతో నిలబడి ఉన్నాడు.

రావు కళ్లు మూసుకుని గోడౌన్ కోసం సిద్ధపడ్డాడు. అర్బాబ్ అతని భుజం చరిచాడు.

"ముమ్‌తాజ్! బ్రహ్మాండం! అమ్మ ఫోన్ చేసింది. మొదటిసారి కాళ్లు తడవకుండా దాటిందట. ఏం బ్రిడ్జ్ కట్టావయ్యా! నడవడానికి ఎంత బాగుంది! ఆ పట్టాలు తీసేసి పలకలు వేయించు. పక్కనున్న కాలిబాట ఇరుకట."

"సర్! అది రైలు వంతెన! ఒకే రైల్వే!"

"రెండు రైల్వేలు. రెండింటికీ ఇద్దరు ముదీర్‌లు. ఆదిశేషు, భోజన్న. అమ్మ చెప్పింది. ఖలాస్."

"మరి నేను?"

"నువ్వూ ముదీరే. మాటంటే మాట. బండి దాటకపోయినా అమ్మ దాటింది." అర్బాబ్ చేయి చాచి బేబీ కొట్టు చూపించాడు. "ఇది ఇంకా పెద్దది చేస్తున్నాం. చూసుకో."

రావుకి ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. జీవితంలో అలా తెలియకపోవడం అతనికి ఇదే మొదటిసారి.

"ముదీర్ గారూ," వెనక నుంచి బేబీ పిలిచింది, "పాలు అయిపోయినాయండీ."

కలపడానికి ఎండాకాలమంతా పట్టిన ఆ పట్టాలను మర్నాడు ఆదిశేషు, భోజన్న భుజం భుజం కలిపి ఒక్క పూటలో ఊడదీశారు.