ఆగిన పంపుల చిక్కు

"పరమ రహస్యమైన మన విజయాన్ని ప్రజలందరికీ తెలియజేయడానికే ఈ సభ" అన్నారు మంత్రిగారు, మైకుల గుత్తి ముందు నిలబడి. శత్రుదేశపు అణుబాంబు ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఎలా ఆగిందో బయటపెట్టకూడదు కాబట్టి, పంపులు పాడైపోవడం వల్ల ఆగిందని మాత్రం చెప్పారు. పాడుచేసినది ఎవరో అసలే తెలియకూడదు కాబట్టి, ఆ మహానుభావుడి భార్యను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆమె వైపు చూడవద్దని విలేకరులను కోరారు. అందరూ చూశారు.

ఆ చూపులు ఆమెకు పట్టలేదు. ఇక తన భర్త వస్తాడన్నదొక్కటే ఆమె ధ్యాస. శత్రువుల ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేరి, పంపుల్ని బాగుచేస్తున్నట్టు నటిస్తూ పాడుచేయడం అతని ఉద్యోగం. వెళ్ళేనాటికి పాప పాకుతోంది. ఇప్పుడు సైకిలు తొక్కుతూ, వీధిలో కొత్తముఖం కనిపిస్తే చాలు, "నాన్నేనా అమ్మా?" అని అడుగుతోంది. ఫ్యాక్టరీ ఆగిన రోజే మీ ఆయన్ని రప్పిస్తామని డైరెక్టరుగారు మాటిచ్చారు. శత్రువును ఆలస్యం చేయడానికి పెట్టిన డిపార్టుమెంటుకు ఆయనే పెద్ద. అక్కడ ఏ పనీ వేళకు జరగదు గనుక, ఆలస్యం చేయించడానికి వాళ్ళకన్నా తగినవాళ్ళు లేరని అందరూ ఒప్పుకునేవారు.

ఇంటికి రాగానే బీరువాలోంచి అతని చొక్కాలు తీసి ఇస్త్రీ మొదలుపెట్టింది. మేడమీద గదిలో అద్దెకుంటున్న మెకానిక్కు మెట్ల దగ్గర ఆగాడు. మన బాంబు ఫ్యాక్టరీలో పంపులు చూసేది అతనే. నెమ్మదస్తుడు. పాపకి సైకిలు నేర్పింది కూడా అతనే. పాపం, అతను ఎంత కష్టపడినా మన పంపులు తరచూ మూలపడుతూనే ఉంటాయి.

"బావగారు వస్తున్నారా అక్కా?"

"ఇవాళో రేపో తమ్ముడూ. నువ్వు మీ ఆవిడ దగ్గరికి ఎప్పుడు వెళ్తావు?"

"నా పనీ అయిపోవచ్చింది. మీ చొక్కాలయ్యాక ఆ ఇస్త్రీపెట్టె ఒకసారి ఇస్తారా?"

వారం గడిచింది. ఎవరూ రాలేదు. ఆమె డిపార్టుమెంటు మెట్లెక్కింది.

"కూర్చో అమ్మా" అన్నారు డైరెక్టరుగారు. "మీ ఆయన వల్ల మాకు పెద్ద చిక్కొచ్చిపడింది."

"ఫ్యాక్టరీ ఆగలేదా సార్?"

"ఆగింది. అదే చిక్కు. ఆగినదాన్ని ఆలస్యం చేయడం ఎలా? ఇక మీరెందుకని పైవాళ్ళు అడుగుతున్నారు. మేమేమో కొత్త అంతస్తు వేశాం. లిఫ్టు ఇంకా అక్కడిదాకా పోనేలేదు."

సోఫాలోంచి మంత్రిగారు నిట్టూర్చారు. "శత్రువు బాంబు చేస్తున్నాడన్నంతకాలం జనం నన్ను దేవుడిలా చూశారు. ఇక చేయడంలేదని చెప్పిన మర్నాటి నుంచీ రోడ్లేవి, ఆసుపత్రిలో మందులేవి అంటున్నారు. అంతగా దిగజారిపోయారమ్మా. అందుకే దేశం కోసం ఆ పంపుల్ని బాగుచేయమన్నాం."

"ఎవర్ని?"

"పాడుచేసినవాడికన్నా వాటి రోగం ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారు డైరెక్టరుగారు.

"బాగుచేశాక వచ్చేస్తాడా?"

ఆయన జాలిగా చూశారు. "బాగయ్యాక నడుస్తాయి కదమ్మా. నడిస్తే ప్రమాదం కాదూ? మళ్ళీ పాడుచేయాలి."

"పాడయ్యాక?"

ఈ ప్రశ్నను ఒక కమిటీకి పంపుతామన్నారు. ఆమె లేచింది.

"పాపకి ఏం చెప్పమంటారు సార్?"

"రహస్యమని చెప్పు."

ఆమె ఇంటికొచ్చేసరికి మేడమీది మెకానిక్కు పెట్టెతో దిగుతున్నాడు. ఒంటిమీద ఇస్త్రీ చొక్కా.

"మన ఫ్యాక్టరీ పూర్తిగా ఆగిపోయిందక్కా. ఇక ఇక్కడ నాకు పనిలేదు. ఊరెళ్తున్నా." పాప సైకిలు చైను ఒకసారి లాగి చూసి, నూనె చుక్క వేసి, పై గది తాళంచెవి ఆమెకిచ్చాడు. పాప వీధి మలుపుదాకా అతని పక్కనే తొక్కుకుంటూ వెళ్ళి, ఒంటరిగా తిరిగొచ్చింది.

మూడోనాడు అదే పెట్టెతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా నలిగిపోయింది.

"ఏమైంది తమ్ముడూ?"

"సరిహద్దు దగ్గర మావాళ్ళు ఆపేశారక్కా. వెనక్కెళ్ళి మళ్ళీ బాగుచేయమన్నారు. ఆగినదాన్ని ఆలస్యం చేయడం ఎలా అంటున్నారు."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మీ ఆవిడకి ఏం చెప్పమన్నారు?"

"రహస్యమని."

ఆమె లోపలికెళ్ళి పై గది తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

తర్వాతి నెలలో మరో సభ. మూలపడ్డ మన పంపుల్ని తిరిగి నడిపించిన దేశభక్తుడికి మంత్రిగారు స్వయంగా పతకం తగిలించారు. శత్రువుల గూఢచారి ఒక్కడైనా మన గడ్డమీద లేడని ప్రకటించారు. దేశభక్తుణ్ణి ముందు వరుసలో, ఆమె పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఈసారి అతనివైపు బాగా చూడమని విలేకరులను కోరారు.

అందరూ చూశారు. ఆమె ఒక్కతే తలవంచుకుంది.