విశ్రాంతి వేళలో కునుకు తీసిన నేరం

ఉద్యోగికి విరామం కన్నా హాయి మరొకటి లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. పొరపాటు. ఆ విరామాన్ని కూడా మేనేజరు చేతుల్లో పెట్టడంలోనే అసలైన హాయి ఉంది!

మెడనొప్పి నాకు పాత చుట్టం. గంటకోసారి లేచి అటూ ఇటూ తిరగకపోతే బిగుసుకుపోతుందని డాక్టరు హెచ్చరించాడు. ఆ మాట మేనేజరు చెవిన వేశాను. మర్నాటికల్లా ఆఫీసంతటికీ సామూహిక విశ్రాంతి ఏర్పాటైపోయింది.

పూర్వం మేమెంత అజ్ఞానులం! విసుగేస్తే కిటికీ దగ్గర నిలబడి టీ తాగేవాళ్లం. పక్కసీటు అక్కయ్య తన అత్తగారి మీద నాలుగు మాటలంటే కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం. దాన్ని విశ్రాంతి అంటారా? పద్ధతీ పాడూ ఉండక్కర్లేదా?

ఇప్పుడు బెల్లు మోగగానే మీటింగ్ రూములో గుండ్రంగా కూర్చుంటాం. కళ్లు మూసుకోవాలి, భుజాలు వదులు చెయ్యాలి, చిరునవ్వు చెదరకూడదు. మేనేజరు చుట్టూ తిరుగుతూ ఎవరి విశ్రాంతిలో లోపముందో కనిపెడతాడు. తర్వాత దాని మీద చర్చ. ఈ హడావిడిలో వెనకబడ్డ పనిని సాయంత్రం ఆగి పూర్తి చేస్తాం. ఆరోగ్యం కోసం ఆమాత్రం కష్టపడకపోతే ఎలా?

నిన్న నావల్ల ఘోరం జరిగిపోయింది. కళ్లు మూసుకున్నవాణ్ని నిజంగానే నిద్రపోయాను. గురక కూడా పెట్టానట.

"ఏంటండీ ఇది? ఇంతమంది కష్టపడి రిలాక్స్ అవుతుంటే మీరు నిద్రపోతారా?" అన్నాడు మేనేజరు.

"పోనీండి సార్, తమ్ముడు అలిసిపోయినట్టున్నాడు" అంది అక్కయ్య.

"అలిసిపోతే ఇంటికెళ్లి పడుకోవాలమ్మా. ఇది విశ్రాంతి తీసుకునే చోటు."

శిక్షగా ఆఫీసు వదిలాక నా ఒక్కడికే స్పెషల్ విశ్రాంతి వేశారు. చిరునవ్వు జారిపోకుండా బిగబట్టుకుని కూర్చున్నాను. లేచేసరికి మెడ కుడివైపు తిరిగి అక్కడే ఉండిపోయింది. ఎంత సౌకర్యం! అక్కయ్య సీటు ఎడమవైపు కదా, ఇక కబుర్ల బెడదే లేదు.

ఈ రోజు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన మెడ నొక్కి చూసి, "వారం రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

గబుక్కున ఆయన చేతులు పట్టుకున్నాను.

"మీకు పుణ్యముంటుంది డాక్టరు గారూ, విశ్రాంతి మాత్రం రాయకండి. ఇక నావల్ల కాదు. ఆ కిటికీ, ఆ టీ, మా అక్కయ్య చెప్పే అత్తగారి కబుర్లు, అవేమైనా రాయగలిగితే రాయండి."

ఆయన తలుపు వైపు చూడబోయాడు. మెడ తిరగలేదు. కుర్చీతో సహా తిరిగి, బయట ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"మా ఆసుపత్రిలోనూ పెట్టారండీ. ఇంతకీ, ఆ కిటికీ దగ్గర ఇంకొకరికి చోటుంటుందా?"