ఏడో నంబరు ఇంటి మూడు మెట్లు

పేదవాళ్లకి వెచ్చదనం పనికిరాదు, పాఠకులారా! వెచ్చగా ఉంటే నిద్ర పడుతుంది, నిద్ర పడితే ప్రార్థన తప్పుతుంది. నూటయాభై ఏళ్ల కిందటే ఈ సత్యం కనిపెట్టినవాడు గుండీల వ్యాపారి జోసయా థ్రాప్. యార్క్‌షైర్‌లోని హార్‌బెక్‌లో దిక్కులేని ముసలమ్మల కోసం పన్నెండు ధర్మగృహాలు కట్టించాడు. చర్చికి ఉండాల్సిన కమాను కిటికీలు పెట్టించి, వాళ్లు బయటికి చూస్తూ పొద్దుపుచ్చకుండా వాటిని మనిషి ఎత్తుకి పైన పెట్టించాడు. ఎంత ముందుచూపు!

అందులో ఏడో నంబరులో ఈనిడ్ క్లెగ్ ఉంటుంది. ఎనభై మూడేళ్లు. వయసులో నూలు మిల్లులో పనిచేసింది. ఆవిడ గుమ్మం ముందున్న మూడు రాతి మెట్లూ అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయి. వానాకాలం నీళ్లు, చలికాలం మంచు. "పట్టుకోడానికో రెయిలింగ్ పెట్టించండి" అని తొమ్మిదేళ్లుగా అడుగుతోంది. ఈలోగా రెండుసార్లు జారింది, మూడోసారి మణికట్టు విరిగింది. అయితే మాత్రం? అది వారసత్వ శాఖ ఏ మార్పూ చేయనివ్వని రక్షిత కట్టడం. ఆవిడ కాదుగా!

చివరికి ఫిబ్రవరిలో ఒక పొద్దున వారసత్వ శాఖ అధికారి రూపర్ట్ ఫెన్విక్ స్వయంగా వచ్చాడు. మెట్టు చూసి పరవశించిపోయాడు.

"ఈ గుంట చూశారా అమ్మా? ఎన్ని తరాల పేదల పాదాలో! దీని పక్కన ఇనుప కమ్మీయా? అపచారం!"

"అందులో పదహారేళ్ల అరుగుడు నాదే నాయనా. నా వాటా కింద ఓ కమ్మీ ఇప్పించు."

"మీకు అర్థం కావట్లేదు. మీరు ఇవాళుంటారు, రేపు..." అని నాలుక కరుచుకున్నాడు.

"పోతాను. నీ మెట్టు మీదే పోతాను. కాస్త పక్కకి జరుగు, అక్కడ మంచు పేరుకుంది."

ఆయన జరగలేదు, జారాడు. జారుతూ జారుతూ గోడనున్న పాతకాలపు నీటి గొట్టం పట్టుకున్నాడు. అదీ ఆయనతోపాటే కిందికొచ్చింది.

ఈనిడ్ ఆయన్ని లేవదీసి, లోపల కూర్చోబెట్టి, చిక్కటి టీ ఇచ్చింది. నవ్వాపుకోడానికి ఆవిడ పడ్డ యాతన దేవుడికే ఎరుక.

"గొట్టం సంగతి ఎవరికీ చెప్పన్లే బాబూ. పాపం, థ్రాప్ గారి నాటిదేమో!"

తొమ్మిదేళ్లుగా కాని పని పదకొండు రోజుల్లో అయింది. నల్లగా నిగనిగలాడే రెయిలింగ్, దాని మీద ఇత్తడి పలక: "తనిఖీ అధికారుల భద్రత నిమిత్తం మాత్రమే."

ఈనిడ్ చట్టాన్ని గౌరవించే మనిషి. ఇప్పుడు పాలసీసా కోసం బయటికొచ్చినప్పుడల్లా తన తలుపు తానే తట్టి, "తనిఖీ!" అని వీధి వినేలా కేకేసి, కమ్మీ పట్టుకుని దర్జాగా దిగుతుంది.