మంత్రిగారి నమూనా

"ఈ రాష్ట్ర ప్రజల పేగుల్లో ఉన్న ప్రతి బాక్టీరియాకూ నా ప్రభుత్వానిదే పూచీ!" అని ఆరోగ్యమంత్రి బ్రెట్ హాలోరన్ గారు ప్రకటించే వేళకి ఫుట్‌బాల్ క్లబ్బు మైదానమంతా సాసేజీలు కాలే వాసన. పెద్దపేగు కేన్సర్ మీద అవగాహన సభ మరి! కార్యకర్తలు బ్రెడ్డు ముక్కలో సాసేజీ, ఉల్లిపాయా చుట్టి ఊరందరికీ ఉచితంగా పంచుతున్నారు. మంత్రిగారు ఒకటి నములుతూ, ఇంకోటి అందుకుంటూ, పేగు బాక్టీరియా పరీక్షకి మొట్టమొదటి మలం నమూనా తనదేనని శపథం చేసేశారు. ఎంత త్యాగం!

ఆ శపథం రాసిచ్చిన వాడు కల్లమ్ ట్రెంబత్, మంత్రిగారి పత్రికా కార్యదర్శి. నలభై నిండని మనిషి. ఉపన్యాసం రాసేదీ అతనే, సభలో మొదటి చప్పట్లు కొట్టేదీ అతనే.

కారెక్కగానే మంత్రిగారు నమూనా సీసాని రెండు వేళ్లతో పట్టుకుని కల్లమ్ ఒళ్లో పడేశారు.

"ఛీ ఛీ! ఇందులో నేనా? నువ్వే కానిచ్చెయ్యరా."

"బాస్, ఇది మీ పేరు మీద పోతుంది."

"నా ఉపన్యాసాలూ నా పేరు మీదే పోతున్నాయి కదా. ఎవడైనా తేడా కనిపెట్టాడా?"

కల్లమ్ సీసా జేబులో పెట్టుకున్నాడు.

పది రోజులకి లేబొరేటరీ నుంచి డాక్టర్ మారిస్సా వెల్లా ఫోన్ చేసింది. కల్లమే ఎత్తాడు.

"మంత్రిగారికి చెప్పండి. పెద్దపేగు కేన్సర్ గడ్డల్లో మాకు తరచుగా కనబడే బాక్టీరియా ఈ నమూనాలో కుప్పలుగా ఉంది. అదే కేన్సర్ తెస్తుందని ఇప్పుడే అనలేను. కానీ రక్తం కూడా ఉంది. వెంటనే కెమెరా గొట్టం వేసి చూడాలి."

కొన్నాళ్లుగా కల్లమ్‌కి రక్తం పడుతూనే ఉంది. పైల్సేలే అని పెళ్లాం జోడీకి సర్దిచెబుతూ వచ్చాడు, పాపం.

మంత్రిగారు మాత్రం పొంగిపోయారు. సానుభూతి ఊరికే వస్తుందా! మర్నాడే పెద్దాసుపత్రిలో మంచం సిద్ధం. గొట్టం వేసి చూస్తే పేగు అద్దంలా మెరుస్తోంది.

"పెరుగు మహిమ!" అన్నారు మంత్రిగారు టీవీలో. "రోజూ గిన్నెడు తిన్నాను. చెడ్డ బాక్టీరియా అంతా పార్టీ మారి మంచి బాక్టీరియాలో చేరిపోయింది!"

పాడిరైతుల సంఘం ఆయనకో దూడని బహూకరించింది.

కల్లమ్ కూడా ఆసుపత్రికి వెళ్లాడు. "నలభై కూడా లేవా? మీకేం తొందర? వరసలో ఉండండి, వచ్చే ఏడాది పిలుస్తాం" అంది కౌంటర్‌లో ఆవిడ.

"నీ మంత్రికి రాత్రికి రాత్రి దొరికిందిగా, అడగవేం?" అని ఇంట్లో జోడీ విరుచుకుపడింది.

"అడిగితే ఆ నమూనా నాదని బయటపడుతుంది. ప్రభుత్వమే పడిపోతుంది, జోడీ."

"పడనీ! నువ్వు పడిపోతే నిన్నెవరు లేపుతారు?"

మర్నాడు ధైర్యం చేసి అడిగాడు. "బాస్, ఆ రక్తం నాది. భయంగా ఉంది."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. భుజం తట్టారు. "నాకోసం రక్తం ధారపోసే మనిషి దొరకడం నా అదృష్టంరా. ఎన్నికలు అయిపోనీ, నేనే ఫోన్ చేస్తా. అన్నట్టు, పెరుగు పనిచేసిందని సభలో రుజువు చూపించాలి." ఇంకో సీసా చేతిలో పెట్టారు. "ఈసారి కాస్త మంచిది ఇవ్వు."

మంచిది ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఉన్నదే ఇచ్చాడు. ఈసారైనా డాక్టరమ్మ పట్టేస్తుందేమోనని లోపల చిన్న ఆశ.

పట్టేసింది. అదే మైదానం, అవే సాసేజీలు, పక్కన కొత్తగా పెరుగు గిన్నెలు. డాక్టర్ వెల్లా మైకు అందుకుంది.

"ఫలితం ముందటికన్నా ఘోరంగా ఉంది. మంత్రిగారి పేగు శుభ్రంగా ఉందని పెద్దాసుపత్రిలో కళ్లారా చూశారు. అంటే ఈ నమూనా ఇంకెవరిదో. ఎందుకిచ్చారని అడగను. ఆ మనిషి ఇక్కడుంటే చెయ్యెత్తితే చాలు. రేపు పొద్దున్నకి అక్కడే ఒక మంచం ఆపించి ఉంచాను. ఇంకా మించిపోలేదు."

జనంలోంచి జోడీ కల్లమ్ మొహంలోకే చూస్తోంది. కల్లమ్ చెయ్యి లేచింది. భుజం దాకా వచ్చింది.

మంత్రిగారు కుర్చీలోంచి ఎగిరి లేచి రెండు చేతులూ ఎత్తారు.

"నాదే! నా పేరు మీద పోయిందేదైనా నాదే! ప్రజలకి అబద్ధం చెప్పే మనిషినా నేను? రేపు ఆ మంచమ్మీద నేనే పడుకుంటా! మీకోసం ఇంకోసారి గొట్టం వేయించుకుంటా!"

జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మంత్రిగారు చిరునవ్వు చెరగకుండానే కల్లమ్ వైపు తిరిగారు.

భుజం దాకా లేచిన చెయ్యి దిగొచ్చి, రెండో చేతిని కలుసుకుంది. సభలో మొదటి చప్పట్లు ఎప్పటిలాగే కల్లమ్‌వే.