రౌండ్ ఫిగర్

"ఇకమీదట ఈ ప్రభుత్వం ప్రతి మనిషినీ లెక్క చేస్తుంది!" అని జనాభా మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఇంతవరకూ లెక్క చెయ్యలేదని ఒప్పుకున్నట్టే కదా అన్న సందేహం ఎవరికీ రాలేదు. అంత చప్పుడులో సందేహాలు రావు.

లెక్కించే పని ఒక పరిశోధకురాలికి అప్పగించారు. ఆవిడ రెండేళ్ళు చెప్పులరిగేలా గుమ్మం గుమ్మం తిరిగి, ఏ భాషవాళ్ళు ఎంతమంది, ఎవరికి ఏ జబ్బు అన్నీ రాసుకుంది. మొత్తం ముప్పై ఏడు భాషలు తేలాయి. అన్నిటికన్నా చిన్నది కింది పేటవాళ్ళది, నాలుగువందల పన్నెండు మంది. అందులో ఒకావిడ పరిశోధకురాలి సొంత పిన్ని. మంగళవారం మంగళవారం నర్సు వచ్చి బీపీ బిళ్ళలిస్తేనే పిన్ని లేచి తిరుగుతుంది, లేకపోతే కళ్ళు తిరిగి పడిపోతుంది. ఇకపై ఏ పేటకు ఎందరు నర్సులు, ఎన్ని మందులు అన్నది ఈ నివేదికే తేలుస్తుంది. అందుకని ఆవిడ కింది పేటను రెండుసార్లు లెక్కపెట్టింది.

మంత్రిగారు నివేదికను అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. చదవకుండానే విషయం పట్టేయడం ఆయనకు దేవుడిచ్చిన వరం.

"ఏంటమ్మా ఈ చిల్లర అంకెలు? రౌండ్ ఫిగర్ చెయ్యండి. వేలల్లో ఉంటే చెప్పుకోవడానికి నిండుగా ఉంటుంది."

"అలా చేస్తే కింది పేట సున్నా అయిపోతుంది సార్. అయిదొందలైనా లేరు."

"ఎంతమంది తక్కువ?"

"ఎనభై ఎనిమిది మంది."

"పుట్టరా?"

"ఎప్పటిలోగా సార్?"

"గురువారం ప్రింటింగుకి వెళ్ళాలి."

పక్కనున్న కార్యదర్శి ఓదార్పుగా అన్నాడు. "సున్నా అంటే అవమానమేం కాదు మేడమ్. పేట పేరు జాబితాలో అలాగే ఉంటుంది. మనుషులే ఉండరు."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కానీ సంతకం పెట్టకపోతే మిగతా ముప్పై ఆరు భాషలవాళ్ళూ బీరువాలోకి పోతారన్నారు. పెట్టింది. పెట్టాక కలం విసిరికొట్టాలనిపించింది గానీ, అది కార్యదర్శిగారిది.

రౌండ్ ఫిగర్ మహిమ ఎంత చెప్పినా తక్కువే. అయిదువందల పది మంది ఉన్న పై పేట, ఒక్క పురుడైనా లేకుండా, మధ్యాహ్నానికల్లా వెయ్యి అయింది. జనాభా అలా పెరిగిపోతే ఒక్క నర్సు ఎలా సరిపోతుంది? అదృష్టం కొద్దీ కింది పేట నర్సు ఖాళీగా ఉంది. ఆవిణ్ణి మందులతో సహా అక్కడికి పంపేశారు. ఆవిడకి పై పేట భాష రాదని పరిశోధకురాలు మొత్తుకుంటే, సూది ఏ భాషలో గుచ్చినా సూదేనన్నాడు కార్యదర్శి.

ఇక పుస్తకానికి అట్ట కావాలి. పరిశోధకురాలు పేటల్లో తీసిన ఫొటోలన్నీ మంత్రిగారు తిరగేసి, ఒకదాని దగ్గర ఆగిపోయారు. బోసినోటితో నవ్వుతున్న ముసలావిడ.

"ఇదీ మొహమంటే! వైవిధ్యం ఉట్టిపడుతోంది!"

"ఆవిడ మా పిన్ని సార్. కింది పేట. సున్నాలో మనిషి."

"మరీ మంచిది. వేరే ఎవరి ఫొటో వేసినా మిగతావాళ్ళు అలుగుతారు. ఈవిడైతే ఏ లెక్కలోనూ లేదు, ఎవరూ అలగరు."

ఇంత దూరదృష్టి ఉన్న మంత్రి దొరకడం మన పుణ్యం. 'ప్రతి మనిషీ లెక్కే' అన్న పేరు కింద పిన్ని నవ్వుతూ అట్ట మీదా, పోస్టర్ల మీదా ఊరంతా వెలిసింది.

రెండు మంగళవారాలు బిళ్ళలు లేకుండా గడిచాయి. మూడోవారం పరిశోధకురాలు పిన్నిని చెయ్యి పట్టుకుని పై పేట ఆసుపత్రికి నడిపించుకెళ్ళింది. కిటికీ వెనక గుమాస్తా ఆ పుస్తకమే తెరిచి, పేజీ మీద వేలు పెట్టాడు.

"కింది పేటలో ఎవరూ లేరమ్మా. లేనివాళ్ళకి మందులు ఎలా ఇస్తాం?"

పిన్ని చెయ్యి జాపి, పుస్తకం మూసి, అట్ట అతని వైపు తిప్పింది. గుమాస్తా అట్టనీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. మొహం విప్పారింది.

"అయ్యో, మీరేనా అమ్మా! మా ఇంట్లో మీ ఫొటో గోడకి అంటించుకున్నాం!" అంటూ లేచి వచ్చి, పక్కన నుంచుని సెల్ఫీ తీసుకున్నాడు.

"మరి బిళ్ళలు?"

"అట్ట మీద ఉంటే చాలదమ్మా. లోపల ఉండాలి. లోపల లెక్క రాసినవాళ్ళని అడగండి."

పిన్ని పరిశోధకురాలి వైపు తిరిగి, "రాసింది నువ్వేగా?" అంది. పరిశోధకురాలికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

పిన్నికి అప్పుడే కిటికీ లోపల పైకప్పు దాకా పేర్చిన మందుల పెట్టెలు కనిపించాయి.

"అవెవరివి బాబూ?"

"పై పేట వెయ్యిమందిలో నాలుగొందల తొంభై మందివి. ఇంకా ఎవరూ రాలేదు."

"మిగిల్తే ఇస్తావా?"

"మిగిల్తే చూద్దాం. ముందు వాళ్ళవి అవ్వాలి. లైన్లో వెనక నుంచోండి."

వరండాలో నరపురుగన్నది లేదు. పిన్ని పరిశోధకురాలి భుజం పట్టుకుని, గోడ పొడుగునా మెల్లగా నడిచి, అటు చివర గేటు దగ్గర లైన్లో నుంచుంది.